సమస్యాపూరణం: మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు పూరించాలి.

మిరపకాయ కొఱుక మిగుల తీపి

మిరపకాయ తియ్యగా ఉండటమేమిటన్నదే చిక్కు. క్యాప్సికం పేరెత్తితే సగం చిక్కు విడిపోతుందని అందరికీ తెలుసు కాబట్టి ఈసారి ఒక షరతు. క్యాప్సికం తెచ్చేవాళ్లు దాని రంగు గురించి, పక్వం గురించి, రుచి గురించి చెప్పే మాట నిజమై ఉండాలి. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పితే ఎలా పట్టుకుంటామో విషయం తప్పినా అలాగే పట్టుకుంటాం. ఆ బాధ్యత తోటమాలిగారిది. ఆయన పాలీహౌస్‌లో రంగు క్యాప్సికం పండిస్తారు. ఛందస్సు సంగతి నేను చూసుకుంటాను. వ్యావహారికం వాడుకోవచ్చు, గణాలు మాత్రం వాడుకగా వదిలేయకండి.

వంటింటి కవయిత్రి:
బోణీ నాదే.

పచ్చ రంగు పోయి పండి యెఱ్ఱబడిన
బుట్ట మిరప తెచ్చి పొయ్యి పైన
కాల్చి తొక్క తీసి కాస్త చల్లారగా
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
అమ్మా, నడక హాయిగా ఉంది. ప-పం, బు-పొ, కా-కా, యతులన్నీ కుదిరాయి. ఒక్కటే చిన్న మాట. రెండో పాదంలో ‘బుట్ట మిరప’ వచ్చాక నాలుగో పాదంలో మళ్లీ ‘మిరపకాయ’ రావడం పునరుక్తి. సమస్యలో ఆ మాట ఎలాగూ ఉంది కాబట్టి పైన ‘బుట్టకాయ’ అంటే సరిపోతుంది. ‘మిరప’ లాగే ‘కాయ’ (గలం) కూడా సూర్యగణమే, గణం చెడదు.

తోటమాలి:
విషయం నూటికి నూరుపాళ్లు నిజం. పచ్చ క్యాప్సికం అంటే ఎదిగిన కాయే కానీ పండనిది. దాన్ని మొక్క మీద మరికొన్ని వారాలు ఉంచితే రంగు మారుతుంది, చక్కెర పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చకాయలో చక్కెర సుమారు 2.4 గ్రాములు, ఎర్రదానిలో 4.2. సి విటమిన్ కూడా పచ్చదానిలో 80 మిల్లీగ్రాములుంటే ఎర్రదానిలో 128 దాకా ఉంటుంది. కాల్చడం మంచి ఆలోచన. తొక్క నల్లబడేదాకా కాల్చి, వెంటనే గిన్నెలో వేసి మూత పెడితే ఆవిరికి తొక్క దానంతటదే వదులవుతుంది. ‘కాస్త చల్లారగా’ అన్న మాటలో ఆ పనంతా ఉంది.

గుంటూరువాడు:
క్యాప్సికం అంటే మా ఊళ్లో మిరపకాయ కిందే లెక్క వెయ్యరు. నా పూరణ అసలైన దారిలో.

కొత్త పెళ్లికొడుకు గుంటూరు కేగగా
మరదలొకతె పెట్టె మాయ బజ్జి
వలపు మత్తులోన వాడనె నాహాహ
మిరపకాయ కొఱుక మిగుల తీపి

వంటింటి కవయిత్రి:
పాపం అల్లుడు! కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఆహాహా అనాల్సిందేగా.

నిర్వాహకుడు:
సరసంగా ఉంది. ఛందస్సులో వంక లేదు. కానీ తమ్ముడూ, ఏ సమస్య ఇచ్చినా మన గుంపులో ఎవరో ఒకరు వలపుతో విప్పేస్తున్నారు. వేపాకు ఇచ్చినా వలపే, కాకరకాయ ఇచ్చినా వలపే. వచ్చే వారం వలపు నిషేధం.

తోటమాలి:
ఇందులో మాయ అవసరం కూడా లేదు. బజ్జీకి వాడే పొడుగు మిరపకాయలే కారం తక్కువ రకం. పైగా మధ్యలో చీల్చి లోపలిది తీసేస్తారు. కారం గింజలో పుట్టదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని భాగం ఉంటుందే, అక్కడ పుడుతుంది. గింజలకు ఆ కారం పూసుకుంటుంది, అంతే. మరదలు ఆ తెల్లది గోకేసి ఉంటే అల్లుడు నిజమే చెప్పాడు.

ఆరంభశూరుడు:
గురువుగారూ, ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే మన్నించండి. కాదు కాదు, చెప్పండి.

పచ్చ మొదట పిదప పసుపు వన్నె వచ్చి
చివర కెఱుపు దాల్చు సిమ్ల మిర్చి
మూడు రంగులందు ముదిరిన రంగుతో
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
మొదటి ప్రయత్నానికి చాలా బాగుంది నాయనా. రెండు, మూడు పాదాలు శుభ్రంగా ఉన్నాయి. చివర-సిమ్ల యతి ముచ్చటగా కుదిరింది. మొదటి పాదం చూడు. పచ్చ, మొదట, పిదప, మూడూ సూర్యగణాలు. ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. ‘పసుపువన్’ నగం, ఇంద్రగణమే, సరే. మిగిలింది ‘నెవచ్చి’. లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఇంద్రగణాల్లో జగణం లేదు. ‘పసుపువన్నెకు మారి’ అను. ‘నెకుమారి’ సలం అనే ఇంద్రగణం అవుతుంది, పాదం నిలబడుతుంది. మరి ఆ పసుపు సంగతి తోటమాలిగారు చెప్పాలి.

తోటమాలి:
పాదం నిలబడింది గానీ విషయం నిలబడదు బాబూ. పసుపు అనేది పచ్చకీ ఎరుపుకీ మధ్య మజిలీ కాదు. ట్రాఫిక్ లైట్ లాగా మూడూ ఒకే ప్యాకెట్‌లో పెట్టి అమ్ముతారు కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. మా పాలీహౌస్‌లో ‘బొంబాయి’ అనే రకం వేస్తే ఎరుపు వస్తుంది. ‘ఒరొబెల్’ వేస్తే పసుపు వస్తుంది. రెండూ పచ్చగానే మొదలవుతాయి. ఒరొబెల్‌ను ఎన్నాళ్లు ఉంచినా ఎర్రబడదు, మెత్తబడి ముడతలు పడుతుంది.

జరిగేదేమిటంటే, పండేటప్పుడు కాయలోని పత్రహరితం కరిగిపోతుంది. ఎర్ర రకాల్లో ఆ చోటులో క్యాప్సాంథిన్ అనే ఎర్ర వర్ణకం తయారవుతుంది. దాన్ని తయారుచేసే ఎంజైమ్ పసుపు రకాల్లో పనిచేయదు, అందుకని వాటి ప్రయాణం పసుపు దగ్గరే ఆగిపోతుంది. ఎర్ర రకం మారేటప్పుడు దగ్గరగా చూడు. తొడిమ పక్కన భుజం మీద ముందు చాక్లెట్ రంగు మచ్చ పడుతుంది. పచ్చ ఇంకా పోలేదు, ఎరుపు అప్పుడే వస్తోంది, రెండూ కలిస్తే ఆ రంగు. పచ్చ అసలు పోకుండా నిలిచిపోయే రకాలు కూడా ఉన్నాయి. అవి పండినా చాక్లెట్ రంగులోనే ఉంటాయి.

ఆరంభశూరుడు:
అయితే పసుపు నుంచి ఎరుపుకు వెళ్లే క్యాప్సికం లోకంలోనే లేదా సార్? ఒక్కటి చూపిస్తే పద్యం బతికిపోతుంది.

తోటమాలి:
కొంచెం దగ్గరగా వచ్చేది ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ల ‘అర్క బసంత్’. లేతప్పుడు మీగడ రంగులో ఉండి, ముదిరితే నారింజ ఎరుపుకు తిరుగుతుంది. కానీ అది నువ్వు చెప్పినట్టు పచ్చతో మొదలవదు. అదే సంస్థవాళ్ల ‘అర్క గౌరవ్’ పచ్చతో మొదలై నారింజ పసుపు దగ్గర ఆగుతుంది. ‘అర్క మోహిని’ పచ్చ నుంచి నేరుగా ఎరుపు. మూడు కాయల కథను ఒకే కాయకు కట్టావు నువ్వు. ఊదా రంగువి మరో తమాషా. ఆ ఊదా పై పొరల్లోనే ఉంటుంది. ఉడికిస్తే పోయి పచ్చబడతాయి, పండితే ఎక్కువగా ఎర్రబడతాయి.

సరే, పద్యం పడగొట్టింది నేను కాబట్టి కట్టాల్సిందీ నేనే.

జాతి బట్టి వన్నె చాల వేరుగ నుండు
పసుపు నెఱుపు రెండు పండ్లె చూడ
చెట్టు పైనె యుండి చివరిదాక ముదురు
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
ఇంతకాలం పద్యం రాదని తప్పించుకు తిరిగారా మీరు! ‘చివరిదాక ముదురు’ అన్నది సమస్యలోకి జారిపోయిన తీరు చూడండి, అతుకు కనబడదు. ఈ వారం నాకు బాగా నచ్చిన విరుపు ఇదే. ఇంకా రోజులున్నాయి కాబట్టి తొందరపడి తీర్పు చెప్పను.

గుంటూరువాడు:
ఆటవెలదిలో బేసి పాదానికి రెండు ఇంద్రగణాలు. పచ్చ క్యాప్సికంలో మన వైపు బాగా నడిచే హైబ్రిడ్ పేరు ‘ఇంద్ర’. తోటమాలిగారికి గణాలు తోటలోనే దొరికాయన్నమాట.

హాస్టల్ కుర్రాడు:
మా మెస్‌లో వారానికి నాలుగు రోజులు పచ్చ క్యాప్సికం కూరే. ఆ కడుపుమంటతో రాశాను.

పచ్చికాయ కోసి ఫ్రిజ్జులో దాచినా
పండు కాదు వట్టి పసరు కంపు
కొనుము ముదురు పండె కొసరి కొసరి యింక
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతి పోయింది. ప-ఫ హల్లులకు మైత్రి ఉంది, కాని అచ్చులూ కలవాలి. ‘ప’లో అకారం, ‘ఫ్రి’లో ఇకారం, ఆ రెంటికీ పొసగదు. ‘బల్లపై దాచినా’ అంటే ప-బ చక్కగా కలుస్తాయి, గణమూ మారదు. మిగతాదంతా ఒప్పు. ‘వట్టి పసరు కంపు’ దగ్గర మెస్ కళ్లకు కట్టింది.

తోటమాలి:
బల్ల మీద పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా పచ్చిగా కోసింది తీపెక్కదన్నది నిజమే. అరటి, మామిడి కోశాక కూడా పండుతాయి. క్యాప్సికం ఆ కోవలోది కాదు. భుజాన చాక్లెట్ మచ్చ పడ్డాక కోస్తే రంగు మాత్రం పూర్తిగా తిరుగుతుంది, మొక్క మీద పండినంత రుచి రాదు. రంగువాటికి ధర ఎక్కువెందుకని అడుగుతారు. ఆ వారాలన్నీ మొక్క కాయల్ని మోయాలి, ఈలోపు పురుగు, కుళ్లు, ఎండదెబ్బ, అన్నీ మా నెత్తిన. పచ్చగా ఉండగానే కోసేస్తే ఆ టెన్షన్ లేదు, తర్వాతి పిందెలు కూడా తొందరగా నిలుస్తాయి.

ఆ పసరు వాసనకు కారణం పైరజీన్ జాతి పదార్థం ఒకటి. నీళ్లలో లక్ష కోట్ల వంతులకు రెండు వంతులున్నా మనిషి ముక్కు పట్టేస్తుందని 1969లోనే లెక్కగట్టారు. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది. అయినా పచ్చదాన్ని మరీ తీసిపారేయకు బాబూ. శనగపిండి చల్లి వేయించిన కూరకు ఆ కాస్త చేదే అందం. ఎర్రదానితో చేస్తే తియ్యబడి పాయసంలా తయారవుతుంది.

వంటింటి కవయిత్రి:
దీనితో ఏకీభవిస్తున్నాను. నూడుల్స్‌లోకి ఎరుపు, శనగపిండి కూరకు పచ్చ. ఒక సందేహం అండీ. అడుగున నాలుగు బుడిపెలుంటే ఆడకాయ, తీపి ఎక్కువ. మూడుంటే మగకాయ, వండుకోవడానికి. ఇది వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. పద్యం మొదలుపెట్టి ఆగాను.

తోటమాలి:
ఆగడం మంచిదైంది. మిరప పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, కాయలకు లింగభేదం లేదు. బుడిపెల లెక్క రకాన్ని బట్టీ, పెరిగిన తీరును బట్టీ మారుతుంది. ఒకే మొక్కకు మూడువీ నాలుగువీ కాస్తాయి.

చిలకపలుకు:
నాకు క్యాప్సికం అక్కర్లేదు.

చిలుక యొకటి పలికె చెలియతో కొమ్మపై
మంట మనుజులకటె మనకు లేదు
కాయ గింజ తోడ గబగబా తినుమింక
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
భలే! మిరపకాయను మార్చకుండా కొరికేవాణ్ణి మార్చారు. ‘మనుజులకటె’ అన్న ఎత్తిపొడుపు బాగుంది.

బడిపంతులు:
శాస్త్రమూ చిలక పక్షానే ఉంది. మనకు మంట తెలిపే గ్రాహకం పక్షుల్లో మిరప కారానికి మూలమైన క్యాప్సైసిన్‌కు స్పందించదు. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అయితే చిలక ముక్కుతో గింజల్ని నలిపేసే రకం. మిరప మొక్క కోరుకునే అతిథి గింజను మింగి దూరంగా వేసే పిట్ట. నా పూరణ కూడా చిత్తగించండి.

కారమిచ్చునట్టి కణములో జన్యువు
చెడిన కతన మంట చేరలేదు
తల్లి చాటు బిడ్డ దారి తప్పదు గదా
మిరపకాయ కొఱుక మిగుల తీపి

నిర్వాహకుడు:
పంతులుగారూ, యతులు నిక్కచ్చి. మూడో పాదం మాత్రం అన్వయం అందడం లేదు. తల్లెవరు, బిడ్డెవరు?

బడిపంతులు:
క్యాప్సికంలో కారం పుట్టించే జన్యువు దెబ్బతిని ఉంటుంది. 1912లో స్కోవిల్ పెట్టిన కారం కొలతలో దీనిది సున్నా. ఇక తల్లి సంగతి. పెరట్లో క్యాప్సికం పక్కన బాగా కారంగా ఉండే సీమ మిరప వేస్తే, పుప్పొడి కలిసి క్యాప్సికం కారమెక్కుతుందని భయపడతారు. ఎక్కదు. కాయ గోడలూ లోపలి తెల్లభాగమూ తల్లిమొక్కవే, తండ్రి పుప్పొడి ప్రభావమంతా గింజలోనే. ఆ గింజ నాటితే మటుకు వచ్చే మొక్క కాయలు మండుతాయి, ఎందుకంటే కారం జన్యువు ఒక వైపునుంచి వచ్చినా చాలు.

నిర్వాహకుడు:
ఇంత కథ పద్యం బయట చెప్పాల్సి వచ్చింది కాబట్టి అరమార్కు తగ్గిస్తున్నా. కథ మాత్రం బాగుంది.

ఓరుగల్లు పిల్ల:
రంగు చూసి రుచి చెప్పేవాళ్లందరికీ మా వైపు నుంచి.

ఓరుగల్లు లోన నొప్పు చపాటకు
కారమల్పమండ్రు కాంతి మెండు
దాని రంగు జూచి తప్పుగా ననబోకు
“మిరపకాయ కొఱుక మిగుల తీపి”

తోటమాలి:
అమ్మాయి బాగా పట్టింది. చపాట అనే మిరప రకం టమాటాలా గుండ్రంగా, నిండు ఎరుపుతో ఉంటుంది. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కారం తక్కువే గానీ క్యాప్సికంలాగా సున్నా కాదు. ఎరుపు ఎక్కించే జన్యువులు వేరు, కారం ఎక్కించేవి వేరు. ఎర్రగా ఉంది కదాని తియ్యగా ఉండదు, ఎర్రగా ఉంది కదాని మండిపోనూ పోదు.

నిర్వాహకుడు:
సమస్యను వేరొకరి నోట పెట్టి, అలా అనకు అని తోసిపుచ్చడం పాత అవధానుల ఎత్తు. ఓ-నొ యతి కూడా సరిగ్గా నిలిపింది. ఈ వారం మొదటి స్థానం ఈమెకూ తోటమాలిగారికీ చెరిసగం. ఆరంభశూరుడు సవరించిన పద్యం రేపటిలోగా పెట్టాలి, పసుపు లేకుండా.

వచ్చే వారం తేటగీతి చివరి పాదం, వలపు నిషేధం అమల్లో ఉంటుంది:

పులుపు లేనట్టి చింతయే పొందదగును