నార్త్ కరోలినాలో మౌంట్ ఎయిరీ ఫిడ్లర్స్ కన్వెన్షన్‌కి (ఫిడేల్, బ్యాంజో లాంటి తీగ వాయిద్యాల పోటీలు) ఎవరైనా వెళ్ళారా?

రాలీలో ఉంటాం అండి, జూన్‌లో వెళ్దామని ప్లాన్. నాకు బ్యాంజో అంటే బ్లూగ్రాస్ సంగీతమే తెలుసు, ఈ ఓల్డ్ టైమ్ అనే పాత జానపద శైలికి దానికి తేడా ఏంటి?

జవాబు 1: బ్లూగ్రాస్‌లో పేరున్న బ్యాంజో కళాకారుడు ఎర్ల్ స్క్రగ్స్ లాగా మూడు వేళ్ళకి పిక్స్ తొడుక్కుని మీటుతారు. ఓల్డ్ టైమ్‌లో ఎక్కువగా క్లాహామర్, అంటే గోటితో తీగని కిందకి కొట్టి వెంటనే బొటనవేలితో పొట్టి ఐదో తీగ మీటడం, అది శ్రుతిలా మోగుతూనే ఉంటుంది, నాకైతే బుర్రకథ తంబురా గుర్తొచ్చింది (నవ్వకండి). అన్నట్టు బ్యాంజో మూలాలు ఆఫ్రికావి, బానిసలుగా తెచ్చినవాళ్ళతో వచ్చింది.

జవాబు 2: స్టేజ్ పోటీ కన్నా క్యాంపుల దగ్గరే అసలు మజా బ్రో, గుండ్రంగా కుర్చీలేసుకుని ఒకే ట్యూన్ తిప్పి తిప్పి వాయిస్తారు, సోలోలు ఉండవు, ఫిడేల్ వెనకే అందరూ. పేరున్న ఓల్డ్ టైమ్ ఫిడ్లర్ టామీ జారెల్ ఆ చుట్టుపక్కల రౌండ్ పీక్ వాడే. మడత కుర్చీ మర్చిపోకండి. జూన్ మిస్ అయితే ఆగస్టులో వర్జీనియా గేలాక్స్‌లో ఇలాంటి కన్వెన్షనే ఉంది, 1935 నుంచి జరుగుతోంది.

థాంక్యూ అండి, పులిహోర కట్టుకుని బయల్దేరతాం.