నాన్న అరికాలి మచ్చ: స్కిన్ క్యాన్సర్ క్లినిక్‌కి తీసుకెళ్లాలా?

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉంటాం. నాన్న గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. మొన్న ఆయన కాలి గోళ్లు తీస్తుంటే ఎడమ మడమ కింద నల్లమచ్చ కనిపించింది. కందిగింజంత ఉంది. ఒక అంచు గుండ్రంగానే ఉంది, ఇంకో పక్క మాత్రం సిరా ఒలికినట్టు పాకింది. "పొలంలో ముల్లు గుచ్చుకున్న మచ్చమ్మా, ఎప్పటిదో" అంటారు నాన్న. పోయినేడాది ఇంత లేదని అమ్మ అంటోంది.

మా ఫ్యామిలీ డాక్టర్ చూసి, మన రంగు వాళ్లకు మెలనోమా (ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) అరుదు, మూడు నెలలు ఆగి చూద్దాం అన్నారు. అరుదే, కాదనను. కానీ మనకు వస్తే ఎండ తగలని అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కిందే ఎక్కువట. జమైకా గాయకుడు బాబ్ మార్లేకీ కాలి వేలి గోరు కిందే వచ్చింది. అది చదివాక నిద్ర పట్టట్లేదు.

స్కిన్ క్యాన్సర్ క్లినిక్‌లలో డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం లాంటిది) చూస్తారు కదా. అరికాలి చర్మం గీతల పల్లాల్లో రంగుంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చేనట, గట్ల మీద ఉంటే అనుమానించి బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేస్తారట. మెలనోమా మందం 1 మిల్లీమీటరు లోపు ఉండగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. అలాంటప్పుడు మూడు నెలలు ఎందుకు ఆగాలి?

ఆ క్లినిక్‌లలో చాలామంది జీపీలే (మామూలు ఫ్యామిలీ డాక్టర్లే). మనలాంటి వాళ్ల పాదాలు చూసిన అనుభవం వాళ్లకు ఉంటుందా, లేక నేరుగా డెర్మటాలజిస్ట్ దగ్గరికే వెళ్లాలా? నాన్నది విజిటర్ వీసా, మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా) లేదు. చూపించడానికి, బయాప్సీకి మీకు ఎంతయింది? వచ్చే నెలాఖరుకు ఆయన తిరుగు ప్రయాణం. ఈలోపే తేల్చుకోవాలి, దయచేసి చెప్పండి.