దుబాయ్ క్యాంపులో బెంగ: ఎలా గడిపారు?

సోంపేట తమ్ముడు:
అందరికీ నమస్కారం. వెల్డర్ పనికి కొత్తగా దుబాయ్ వచ్చాను. డ్యూటీలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. క్యాంపుకొచ్చి మంచమెక్కితే ఇల్లే గుర్తొస్తోంది. ఫోన్ చూస్తూ అర్ధరాత్రి దాటిపోతోంది. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు?

గజపతినగరం అన్న, షార్జా:
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. జీతం ఆపేశారా? పాస్‌పోర్ట్ లాక్కున్నారా? ఏజెంటు చెప్పిన పని వేరు, ఇక్కడి పని వేరా? అలాంటిదైతే పాటలూ ఆటలూ పనికిరావు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి, 800 46342కి ఫోన్ చెయ్యి, ఆ ఫోన్‌కి డబ్బులు కట్ అవ్వవు.

ఒట్టి బెంగే అయితే రీల్స్ చూడ్డం మానేసి చేత్తో, నోటితో ఏదైనా చెయ్యి. మా రూములో మనవైపు వాళ్లం కొందరం కలిసి తప్పెటగుళ్లు, అదే మన ఉత్తరాంధ్ర పాటా ఆటా, మొదలెట్టాం. ఊళ్లో అయితే రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుంటారు కదా, మాకు దొరికినవి బిస్కెట్ డబ్బా మూతలు. అంచు కోసుకోకుండా టేపు చుట్టాం. ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు కాబట్టి గొంతు బాగోని నాలాంటివాడికీ చోటుంది. రోజంతా పని చేసినవాళ్లం ఎగురుతుంటే ఆయాసం, దాని మీద నవ్వులు. పక్క రూము నేపాలీ కుర్రాళ్లూ వచ్చి కలిశారు. ఫోర్‌మన్ మీద రెండు చరణాలు కట్టాం, అవి ఇక్కడ రాయను!

నైట్ డ్యూటీ వాళ్లు పడుకున్నప్పుడు మాత్రం వద్దు. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపుతారు, అప్పుడూ వద్దు, నీళ్లు తాగి నడుం వాల్చు. బయట ప్రోగ్రాం పెడదామని చందాలు వసూలు చేయకు. అనుమతి లేకుండా అది ఇక్కడ నేరం.

ఎస్.కోట అక్క, అబుదాబి:
అన్నయ్య చెప్పింది గుంపు ఉన్నవాళ్లకి. నేను ఒక్కదాన్నే. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు, వాయిస్ మెసేజ్ వెళ్తుంది. "తిన్నావా", "తిన్నాను" తప్ప అమ్మకీ నాకూ మాట సాగేది కాదు. ఊడ్పుల పాట ఒకటి పాడి పంపమన్నాను. మొదట సిగ్గుపడింది. ఇప్పుడు పక్కింటి పిన్నిని కూడా కూర్చోబెట్టుకుని పాడుతోంది. నేను విని పుస్తకంలో రాసుకుంటాను, తెలియని మాట ఉంటే అడుగుతాను, దాంతో అప్పట్లో ఎవరి పొలంలో ఏం జరిగిందో కూడా బయటికొస్తుంది. ఊరు మనకంటే గంటన్నర ముందు, నువ్వు డ్యూటీ దిగేసరికి వాళ్లు పడుకుంటారు. మెసేజ్ అయితే తీరిగ్గా వింటారు.

వారాల తరబడి నిద్రా ఆకలీ లేకపోతే మాత్రం దాచుకోకు తమ్ముడూ, డాక్టర్‌కి చూపించుకో.

సోంపేట తమ్ముడు:
జీతం టైముకే పడుతోందన్నా. కానీ నా రూములో అందరూ బరంపురం వైపు ఒడియా వాళ్లే. వాళ్లకి మన పాట ఏం వస్తుంది?

గజపతినగరం అన్న, షార్జా:
బరంపురమా! మీ సోంపేట పక్కనే కదా, సగం మందికి తెలుగు వచ్చే ఉంటుంది, అడిగి చూడు. రానివాళ్లకి పల్లవి ఇచ్చెయ్యి. మూతలు మాత్రం పెద్దవి చూసుకో, చిన్నవి మోగవు.