మా చిట్టిని డాగ్ పార్కుకి తీసుకెళ్ళాలా, మానేయాలా? (బెంగళూరు)

బ్రూక్‌ఫీల్డ్ చిట్టి నాన్న:

అందరికీ నమస్తే. మేముండేది బ్రూక్‌ఫీల్డ్‌లో, మూడో అంతస్తు ఫ్లాట్. మా చిట్టి ఆడ ఇండీ (మన నాటు కుక్క), వయసు ఏడాదిన్నర, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, టీకాలన్నీ వేయించాం. పిల్లగా ఉన్నప్పుడు ఒక కన్‌స్ట్రక్షన్ సైట్ దగ్గర దొరికితే తెచ్చుకున్నాం. ఇంట్లో బంగారం, మా పాపతో ఎంత ఓపిగ్గా ఉంటుందో చెప్పలేను. మా గేటు దగ్గరుండే వీధికుక్క రాజా అంటే దానికి ప్రాణం, వాడు కనపడితే చాలు ఒళ్ళంతా ఊపుకుంటూ పరిగెడుతుంది.

సమస్య ఏంటంటే, తెలిసినవాళ్ళందరూ "ఫ్లాట్‌లో పెంచుతున్నావు, వారానికోసారైనా డాగ్ పార్కుకి తీసుకెళ్ళకపోతే మిగతా కుక్కలతో కలవడం ఎలా నేర్చుకుంటుంది" అంటున్నారు. అందుకని ఈమధ్య ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో ఉన్న డాగ్ పార్కుకి తీసుకెళ్తున్నాం. అక్కడ లీష్ తీయగానే నేరుగా వచ్చి నా కాళ్ళ మధ్య దూరుతుంది. ఏ కుక్కయినా వాసన చూడ్డానికి వస్తే బిగుసుకుపోయి, మూతి నాక్కుంటూ, మొహం పక్కకి తిప్పేస్తుంది. పోయినవారం ఒక లాబ్రడార్ వదలకుండా వెంటపడితే గుర్రుమని పళ్ళు చూపించింది. కరవలేదు. లాబ్రడార్ వాళ్ళు మంచివాళ్ళే, "పర్లేదండి, నాలుగుసార్లు వస్తే అదే అలవాటు పడుతుంది" అన్నారు. మా ఆవిడ మాత్రం ఇక తీసుకెళ్ళొద్దంటోంది.

అలవాటయ్యేదాకా తీసుకెళ్ళాలా? మానేస్తే ఇంకా పిరికిదైపోతుందా? పార్కు వద్దంటే ఈ ఊళ్ళో ఇది పరిగెత్తడానికి చోటెక్కడ? లాల్‌బాగ్‌లోకి కుక్కల్ని రానివ్వరు, మా వైపు రోడ్ల సంగతి మీకు తెలుసు. నిజంగా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


జయనగర్ లడ్డు అమ్మ:

మీ ఆవిడ మాట వినండి. చిట్టి చెప్పాల్సిందంతా చెప్పేసింది.

మొహం పక్కకి తిప్పడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంట్లో తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడడం, ఇవన్నీ "నన్ను కాస్త వదిలేయండి" అని కుక్క మర్యాదగా అడగడమే. ఎవరూ పట్టించుకోకపోతే బిగుసుకుపోతుంది, తర్వాత గుర్రుమంటుంది, అప్పటికీ వినకపోతే గాల్లో నోరు కొడుతుంది, ఆఖరికి కరుస్తుంది. మీ చిట్టి గుర్రుమనే దాకా వచ్చి ఆగింది, అంటే దానికి ఎంత ఓర్పుందో చూడండి. దయచేసి గుర్రుమన్నందుకు తిట్టకండి. తిడితే గుర్రుమనడం మానేస్తుంది తప్ప భయం పోదు, అప్పుడు మనకి మిగిలేది ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వకుండా కరిచే కుక్క.

"అలవాటు పడుతుంది" అనే మాట నాకు అస్సలు నచ్చదు. భయపడే కుక్కని భయపెట్టే చోటే మళ్ళీ మళ్ళీ వదిలితే కొన్ని ఇంకా ఎక్కువ గొడవకి దిగుతాయి, కొన్ని మూలకి చేరి కదలకుండా నిలబడిపోతాయి. చూసేవాళ్ళకి ఆ రెండోది "సెట్ అయిపోయింది" అనిపిస్తుంది. అది సెట్ అవడం కాదండీ, ఇక చెప్పినా ఎవరూ వినరని ఊరుకోవడం.

ఇక సోషలైజేషన్ గురించి. పిల్ల కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే వయసు దాదాపు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. అది దాటిపోయింది, దానికి బాధపడాల్సిన పని లేదు, ఆ వయసులో చిట్టి ఎక్కడుందో మీ చేతిలో లేదు కదా. పైగా సోషలైజేషన్ అంటే ప్రతి కుక్కతోనూ ఆడడం కాదు. కొత్త కుక్క ఎదురైతే కంగారు పడకుండా పక్కనుంచి వెళ్ళిపోగలిగితే అది చాలు. పిల్లలుగా ఉన్నప్పుడు అందరితో ఆడిన కుక్కలు కూడా ఏడాదిన్నర, రెండేళ్ళు దాటాక స్నేహితుల్ని ఏరుకోవడం మొదలుపెడతాయి. అది చెడిపోవడం కాదు, పెద్దవడం.

ఇండీల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన వీధుల్లో చూడండి, ఒక గుంపు, దాని సందు, దాని హద్దు. పక్క సందు కుక్క వస్తే దూరం నుంచే మొరిగి, అటూ ఇటూ తిరిగి, తోక చూసి, నిదానంగా తేల్చుకుంటాయి, నచ్చకపోతే వెళ్ళిపోవడానికి దారి ఉంటుంది. డాగ్ పార్కులో చుట్టూ కంచె, ఒక్కసారిగా మొహం మీదికి తెలియని కుక్కలు. ఇది ఇండీలన్నిటికీ కష్టమని అనను, మా లడ్డు ఇండీనే, వాడికి అక్కడ పండగ. కానీ మీ చిట్టికి రాజా ఉన్నాడు. తెలిసిన స్నేహితుడు ఒక్కడున్నా కుక్కకి ఒంటరితనం ఉండదు.


ఎలహంక బ్రూనో:

లడ్డు అమ్మగారు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. కొంతమంది ఇది చదివి డాగ్ పార్కులంటేనే తప్పు అనుకుంటారేమోనని రాస్తున్నా. మా బ్రూనో లాబ్రడార్, మూడేళ్ళు, వాడికి ఆ పార్కు లేకపోతే మా ఇల్లు ఇల్లుగా ఉండదు. ఈ ఊళ్ళో కుక్క లీష్ లేకుండా పరిగెత్తగలిగే కంచె ఉన్న చోట్లు ఎన్ని చెప్పండి? కబ్బన్ పార్కులో కూడా ఆ డాగ్ పార్కు బయట లీష్ ఉండాల్సిందే. కాబట్టి సరిపోయే కుక్కలకి అది పెద్ద వరం.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, మీ కుక్క ఒక్కదాని మీదే కాదు, వేరే కుక్కతో కలిసి ఉన్నప్పుడు ఆ రెండిటి మీదా కన్ను వేయండి. నిజమైన ఆటలో ఒళ్ళు వదులుగా, వంకర్లు తిరుగుతూ ఉంటుంది, ముందుకాళ్ళు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తి పిలుస్తాయి, తరిమేది ఒకసారి తరిమించుకుంటుంది, కింద పడేది ఒకసారి పైకొస్తుంది, మధ్యమధ్యలో రెండూ ఆగి ఒళ్ళు విదిలించుకుంటాయి. అనుమానం వస్తే తరిమేదాన్ని కాసేపు పట్టుకోండి. రెండోది మళ్ళీ దగ్గరికొచ్చి పిలిస్తే అది ఆటే. దొరికిందే సందు అని పారిపోతే అక్కడితో ఆపేయాలి. మా బ్రూనో ఎక్కువ మీద పడే రకం, అందుకే నేను వాణ్ణి తరచూ ఇలా పట్టుకుని చూస్తా. చిట్టి వెంటపడ్డ లాబ్రడార్‌ని ఆ యజమాని పిలిచి పక్కకి తీసుకెళ్ళి ఉండాల్సింది, తప్పు చిట్టిది కాదు.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని. ఆదివారం కబ్బన్ పార్కు లోపలికి వాహనాలు రానివ్వరు, అందుకే నడవడానికి హాయి, అందుకే జనమూ కుక్కలూ ఎక్కువ. కొత్త కుక్కని మామూలు రోజు పొద్దున్నే తీసుకెళ్ళండి. గేటు దగ్గర కుక్కలు గుమిగూడి ఉంటే అవి కదిలేదాకా బయటే ఆగండి, గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. లోపలికి వచ్చాక లీష్ తీసేయండి, చుట్టూ కుక్కలు వదిలి ఉండగా ఒక్కదాన్ని కట్టి ఉంచితే దానికి పారిపోయే దారి లేదనిపిస్తుంది. బంతులు, బిస్కెట్లు కారులోనే వదలండి. షిట్జూ, పొమరేనియన్ లాంటి చిన్నవాటిని పెద్ద కుక్కల మధ్య వదలకండి, పరిగెత్తే చిన్న కుక్కని చూస్తే మంచి కుక్కకి కూడా ఒక్కోసారి అది ఎలుకలాగే కనిపిస్తుంది. మరీ ముఖ్యంగా ఫోన్ జేబులో పెట్టండి. కుక్కని వదిలి రీల్స్ చూస్తూ కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గొడవ జరిగితే తలల మధ్యలోకి చెయ్యి పెట్టొద్దు. గట్టిగా చప్పుడు చేయండి, నీళ్ళు కొట్టండి, తప్పకపోతే ఇద్దరు మనుషులు చెరో కుక్క వెనకకాళ్ళూ ఎత్తి వెనక్కి లాగాలి.


హెబ్బాళ వెట్:

వెటర్నరీ డాక్టర్‌ని. ప్రవర్తన గురించి పైన బాగా చెప్పారు, నేను జబ్బుల గురించి చెప్తా, ఎందుకంటే పార్కు వద్దనడానికి అసలు కారణం చాలా కుక్కల విషయంలో అదే.

టీకాల కోర్సు పూర్తికాని పిల్లని డాగ్ పార్కు నేల మీద దింపకండి. కుక్కపిల్లలకి పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి కనీసం పదహారు వారాల వయసు వచ్చేదాకా విడతలుగా వేస్తాం. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో పోదు. అలాగని పిల్లని అప్పటిదాకా గదిలో పెట్టి తాళం వేయమని కాదు. ఎత్తుకుని తిప్పండి, రోడ్డు చప్పుళ్ళు విననివ్వండి, టీకాలు వేయించిన తెలిసిన కుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్ళండి. ఆ వయసు మళ్ళీ రాదు.

పెద్ద కుక్కలకి బెంగళూరులో నేను ఎక్కువ చూసేది టిక్ ఫీవర్. గడ్డిలో, గోడ పగుళ్ళలో ఉండే పిడుదుల వల్ల ఎర్లీషియా, బబీసియా వస్తాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టి చూసి జ్వరం అనుకోకండి. పిడుదులకి నెలకోసారి ఇచ్చే మాత్రలు, మూడు నెలలకోసారి ఇచ్చే మాత్రలు ఉన్నాయి, బరువుని బట్టి మీ డాక్టర్ చెప్తారు. పార్కుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, మెడ పట్టీ కింద వెతకండి.

వర్షాకాలంలో గుంటల్లో నిలిచిన నీళ్ళు తాగనివ్వకండి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకీ అంటుతుంది. దాని టీకా ఏడాదికోసారి. అందరూ తాగే గిన్నె బదులు మీ గిన్నె, మీ నీళ్ళు. కుక్క దగ్గుతున్నా, విరేచనాలవుతున్నా ఇంట్లోనే ఉంచండి. ఆడకుక్క ఎదకి వస్తే సుమారు మూడు వారాలు అటు వైపే వద్దు. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండెక్కాక పరిగెత్తించకండి, ప్రాణం మీదికి వస్తుంది.

చిట్టి నాన్నగారూ, రాజాకి రేబిస్ టీకా వేశారా? చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిందని, అప్పుడు రేబిస్ టీకా కూడా వేసి ఉంటారని అర్థం. కానీ అది ప్రతి ఏడాదీ వేయించాలి.


బ్రూక్‌ఫీల్డ్ చిట్టి నాన్న:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆవిడకి చూపించాను, "నేను చెప్పలేదూ" అంది. డాక్టర్ గారూ, రాజాకి చెవి కత్తిరించి ఉంది, కానీ ఆ తర్వాత టీకా ఎవరూ వేయించినట్టు లేదు. వాచ్‌మన్ అన్న దగ్గరికి బాగా వస్తాడు కాబట్టి ఈ శనివారం ఆయన్ని తోడు తీసుకుని వేయిస్తాం.

పార్కు మానేస్తున్నాం. మరి పరుగు సంగతి? లీష్ మీద వాకింగ్ దానికి సరిపోదేమోనని నా దిగులు.


జయనగర్ లడ్డు అమ్మ:

సరిపోతుందండీ, కానీ వాకింగ్ మీది కాకుండా దానిదైతే. నడిపించుకుంటూ లాక్కెళ్ళకుండా ఐదు నుంచి పది మీటర్ల పొడవు తాడు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి కట్టి (మెడ పట్టీకి కట్టొద్దు, ఒక్కసారి పరిగెత్తి ఆగితే మెడ పట్టేస్తుంది) జనం తక్కువున్న లేఅవుట్ రోడ్లో, ఖాళీ సైట్ల పక్కన అది ఎక్కడ ఆగితే అక్కడ వాసన చూడనివ్వండి. ఒకే చెట్టు దగ్గర ఎంతసేపున్నా కదపకండి. వాసన చూడడం కుక్కకి బుర్రతో చేసే పని, అరగంట అలా తిరిగిన కుక్క ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది. ఇంట్లో అన్నం గిన్నెలో పెట్టడానికి బదులు పాత తువ్వాలు మడతల్లో డాగ్ ఫుడ్ గింజలు దాచి వెతుక్కోమనండి.

నిజంగా పరిగెత్తాలంటే, సర్జాపూర్ వైపు, ఎలహంక వైపు కంచె వేసిన చోట్లని గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్ళున్నారు. మీ కుక్క ఒక్కటే ఉండేలా బుక్ చేసుకోవచ్చు, లేదా తెలిసిన ఇంకొక్క కుక్కతో. బుక్ చేసే ముందు కంచె ఎత్తు ఎంతో అడగండి, ఇండీలు భలే ఎగురుతాయి.


ఎలహంక బ్రూనో:

చిట్టికి ఇంకో స్నేహం కావాలనుకుంటే మొదటిరోజే ఎదురెదురుగా ముక్కులు తాకించొద్దు బ్రో. రెండిటినీ రోడ్డుకి చెరో వైపు ఒకే దిక్కుగా నడిపించండి, రెండూ వదులుగా ఉంటే కొంచెం కొంచెం దగ్గరికి రండి, చిట్టి మొహం తిప్పితే మళ్ళీ దూరం జరగండి. లీష్ వదులుగా పట్టుకోండి. ఇలా కొన్నాళ్ళు కలిసి నడిచాకే కంచె లోపల వదలండి. వైట్‌ఫీల్డ్ వైపు నెమ్మదైన కుక్క ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, మా బ్రూనో మాత్రం వద్దు, వాడు చిట్టికి మరీ ఎక్కువైపోతాడు.


హూడి జూలీ అక్క:

మా జూలీ ఉంది. ఆరేళ్ళ ఇండీ, ఆపరేషన్ అయింది, టీకాల కార్డు చూపిస్తా. ఎవరి మీదా పడదు, తన మానాన వాసన చూసుకుంటూ నడుస్తుంది. మేం పొద్దున ఆరింటికి తిరుగుతాం, అప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటుంది. మెసేజ్ పెట్టండి తమ్ముడూ.