సమస్యాపూరణం: పేరు లేనిదాని పేరు నిలిచె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*పేరు లేనిదాని పేరు నిలిచె*

విషయం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థలో నడిమధ్య ఉండే ప్రోగ్రాముకు, పేరు పెట్టడం. కల్పన కావచ్చు, జరిగిన కథ కావచ్చు. పేరే లేనిదానికి పేరు నిలవడం ఎలాగో మాత్రం పద్యంలోనే తేలాలి. కింద వివరణ రాసి గట్టెక్కడం కుదరదు.

ఆరంభశూరుడు:
నా పూరణ.

కర్త పెట్టు పేరు కడకు నిలువలేదు
తోడివాఁడు తనకు తోఁచినట్లు
అరకు నిడిన పేరె యవనిలోన మొలిచె
పేరు లేనిదాని పేరు నిలిచె

ఇది 1991 నాటి లినక్స్ కథ. లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను ఫ్రీయాక్స్ అనుకున్నాడు. సర్వర్ చూసుకునే ఆరి లెమ్కేకు ఆ పేరు నచ్చక, ఫైళ్లుంచే డైరెక్టరీకి లినక్స్ అని పెట్టేశాడు. పద్యంలో 'అర' అన్నది ఆ డైరెక్టరీనే.

నిర్వాహకుడు:
కథ ఎంపిక బాగుంది. 'తోఁచినట్లు', 'అరకు' మధ్య సంధి తప్పదు, పాదం మారినంత మాత్రాన విసంధి ఒప్పుకాదు. రెండోది ఇంకా పెద్ద చిక్కు. 'మొలిచె' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగి ఉన్న పదం, కాబట్టి తర్వాతి 'పేరు' 'బేరు' కావాలి. సమస్య పాదాన్ని మార్చే హక్కు మనకు లేదు కదా.

ఆరంభశూరుడు:
రెండో పాదం చివర 'తోఁచినటులె', మూడో పాదం 'యరకు నిడిన పేరె యవనిలోన మొలిచి' అంటే సరిపోతుందా అండీ?

నిర్వాహకుడు:
సరిపోతుంది. 'మొలిచి' కళ, అంటే ద్రుతం లేని పదం, ఇక చిక్కు లేదు.

గళ్లనుడికట్టు:
వ్యాకరణం కుదిరింది గానీ విరోధం తీరలేదండీ. ఆ కెర్నెల్‌కు పేరు లేకపోవడమేమిటి? రెండున్నాయి! లినక్స్ అన్న పేరు టోర్వాల్డ్స్‌కూ తట్టిందట, మరీ సొంత డబ్బాలా ఉంటుందని వదిలేశాడు. 'ఎక్కువైన పేర్లలో ఒకటి నిలిచె' అని సమస్య ఇస్తే మీకే బహుమతి.

ఆరంభశూరుడు:
దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను.

మధురవాణి:
నా ప్రయత్నం. మొదటి పాదంలో యతికి బదులు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) వాడాను.

ఇది యునిక్సు కాదు పదుగు రెఱుఁగుఁడంచుఁ
బలుకులోనఁ దానె పలుకు మరల
విప్పి చూడఁ జూడ విడని ముడిగ మాఱి
పేరు లేనిదాని పేరు నిలిచె

గ్నూ అన్న ఆపరేటింగ్ సిస్టమ్ పేరు పొడి అక్షరాలది, విప్పితే 'గ్నూ యునిక్స్ కాదు' అని; యునిక్స్ అంతకు ముందున్న మరో ఆపరేటింగ్ సిస్టమ్. విప్పితే మళ్లీ అదే పేరు లోపల కూర్చుని ఉంటుంది. ఎంత విప్పినా అసలు పేరు దొరకదు కాబట్టి పేరు లేనట్టే.

నిర్వాహకుడు:
'పలుకులోనఁ దానె పలుకు' దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నాను. మొదటిది నామం, రెండోది క్రియ. గింజలోని పలుకు అనే అర్థం కూడా తోడైతే అదే కెర్నెల్! ఇది అనుకుని వేసిందో అనుకోకుండా పడిందో గానీ పద్యానికి ప్రాణం అక్కడే ఉంది.

మధురవాణి:
అనుకుని వేశాననే రాసుకోండి.

గళ్లనుడికట్టు:
మధురవాణి గారూ, 1983లో ప్రకటించిన గ్నూ మొత్తం వ్యవస్థ పేరు. విషయం కెర్నెల్ కదా! దాని కెర్నెల్‌గా తలపెట్టింది హర్డ్. అదీ పొడి అక్షరాల పేరే; విప్పితే మొదటి మాటగా హిర్డ్ వస్తుంది, హిర్డ్ విప్పితే మళ్లీ హర్డ్. ఒకదాని తోక ఒకటి పట్టుకున్న పాములు. మీ పద్యం గ్నూకన్నా దానికే బాగా అతుకుతుంది. అంతకు ముందు దానికి ఆలిక్స్ అన్న పేరు అనుకున్నారు. తర్వాత ఆ పేరును కెర్నెల్‌లో ఒక భాగానికి దించారు, చివరికి ఆ భాగమే లేకుండా పోయింది.

మధురవాణి:
అయితే పద్యంలో అక్షరం మార్చను, వివరణే మారుస్తాను. ఇది హర్డ్ గురించే రాశాను.

నిర్వాహకుడు:
వివరణ కుదరదని మొదటే చెప్పాను. అయినా పలుకు కోసం వదిలేస్తున్నాను.

తీరికలేనివాడు:
బురద బాటలోనఁ బుట్టె నొక్క పలుకు
విన్నవాఁడు వేఱు విధముఁ గొనియెఁ
దప్పు వినికితోడఁ దళుకుబెళుకులంది
పేరు లేనిదాని పేరు నిలిచె

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు మాక్ కెర్నెల్. బురద గుంటలు దాటుతూ 'మక్' అని సరదాగా అనుకున్నారట, అంటే బురదే. ఇటలీకి చెందిన సహోద్యోగి దాన్ని 'మాక్' అని రాసుకున్నాడు.

నిర్వాహకుడు:
ధార బాగుంది. 'తళుకుబెళుకులు' సరిగ్గా పడింది, ఆ పేరు వింటే ఇప్పుడు ఎవరికైనా ధ్వనివేగం గుర్తొస్తుంది గానీ బురద కాదు. పేరు లేకపోవడం మాత్రం ఇక్కడా కనబడలేదు.

గళ్లనుడికట్టు:
ఇంతమందిని విమర్శించి ఊరుకుంటే బాగుండదు కాబట్టి:

పేరు పిదప నంచుఁ బెట్టి యనామక
మనెడి గుఱుతు నొకటి మఱచి రంత
నాళ్లు గడవ నదియె నలువైపులకుఁ జేరి
పేరు లేనిదాని పేరు నిలిచె

పేరు తర్వాత చూద్దామని 'అనామకం' అన్న గుర్తు పెట్టారు. అది ప్రతి ఫైల్‌లోకీ, ప్రతి దారిలోకీ, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లోకీ పాకింది. ఇప్పుడు మారిస్తే అవన్నీ విరుగుతాయి.

నిర్వాహకుడు:
పేరు లేదనడమే పేరైంది, విరోధం పద్యంలోనే తీరింది. 'అనామక' అని విరిచి 'మనెడి'తో రెండో పాదం ఎత్తుకోవడం వల్ల యతి కూడా తేలిగ్గా పడింది. 'గుఱుతు నొకటి' ఒక్కటే కాస్త పూరకంలా ఉంది. ఈసారి మొదటి స్థానం దీనికే.

తీరికలేనివాడు:
నిర్వాహకుడు గారూ, ఒక సందేహం. ఈ విషయమే ఎందుకు ఇచ్చారు?

నిర్వాహకుడు:
నేనూ సరదాగా ఒక చిన్న కెర్నెల్ రాసుకుంటున్నాను. పేరు తోచక మీ మీద వేశాను. 'పలుకు' పెట్టుకోమంటారా?

మధురవాణి:
పెట్టుకోండి, ధన్యం. ఇంతకీ ఇప్పుడు ఆ డైరెక్టరీ పేరేమిటి?

నిర్వాహకుడు:
'కొత్తది2'. మార్చబోయాను గానీ, అప్పటికే నలభై ఫైళ్లలో ఉంది.