సమస్య: వెనుకకేగె బండి వేయ గేరు

నిర్వాహకుడు (తార్నాక):
ఈ వారం మీరు పూరించాల్సిన ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇది. బైకుకు రివర్స్ గేరు ఉండదు, మరి వెనక్కి ఎలా పోయిందో మీరే చెప్పాలి. కలలో పోయింది, తాగి నడిపాడు లాంటివి వద్దు. పోయిన నెల అవన్నీ అయిపోయాయి.

ఉప్పల్ ఉత్పలం:
గుట్ట మీదనాగి గొంతు మూసుకొనెను
పట్టలేదు బ్రేకు, పాత డ్రమ్ము
కిక్కు కొట్టి లేపి కిందికే జారంగ
వెనుకకేగె బండి వేయ గేరు

నిర్వాహకుడు:
యతులు కుదిరాయి. 'గొంతు మూసుకొనెను' చక్కగా ఉంది. కానీ గుట్ట మీద జారే బండి గేరు వేసినా, వేయకపోయినా వెనక్కే పోతుంది. 'వేయ గేరు'కు పని లేకుండా పోయింది. సమస్య తీరలేదు, పక్కకు తప్పుకుంది.

మల్కాజిగిరి యెజ్డీ:
మాస్టారూ, నాది కల్పన కాదు. యెజ్డీ బైకులు చేసే మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, అంతకు ముందే కొన్న మా నాన్నగారి రోడ్‌కింగ్ ఇది. ఏడాదిపాటు బాగుచేయించాను. పుత్లీబౌలిలో కొత్త పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పుట్టించే స్విచ్) కొని, వాటి మధ్య గ్యాపు కంటితోనే చూసి నేనే బిగించాను. ఆదివారం పొద్దున కిక్కు ఒకసారి వెనక్కి తన్నింది, రెండోసారికి స్టార్టయింది. చప్పుడులో ఏదో గరగర. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితే సరాసరి వెనకున్న తులసికోటకు తగిలి ఆగింది. మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

ముందె మెరుపు పుట్టి మొత్తగా పిస్టను
తిరుగబడియె క్రాంకు దిక్కు మారి
ఎదురు తిరిగి యుండి యింజను పాడంగ
వెనుకకేగె బండి వేయ గేరు

నిర్వాహకుడు:
'తిరుగబడియె' దగ్గర ఆగి రెండుసార్లు చదివాను. మూడో పాదంలో 'యుండి' మాత్రం గణం నింపడానికే వచ్చింది. అది సరే, ఇంజను నిజంగా ఎదురు తిరుగుతుందా?

మల్కాజిగిరి యెజ్డీ:
తిరుగుతుంది. మన టూస్ట్రోక్‌లో వాల్వులు లేవు, పిస్టనే సిలిండర్‌లోని రంధ్రాలు, అంటే పోర్టులు, తెరిచి మూస్తుంది. దానికి ఎటు తిరిగినా ఒకటే. స్పార్క్ మరీ ముందుగా పడితే, పైకి వస్తున్న పిస్టన్ పైదాకా చేరకుండానే వెనక్కి తన్నేస్తుంది, అది తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, ఎదురు తిరుగుతుంది. 1955లో వచ్చిన మెస్సర్‌ష్మిట్ కేఆర్ 200 అనే మూడు చక్రాల బండిలో ఇది కావాలనే పెట్టారు. ఇంజను ఆపి ఎదురుగా స్టార్ట్ చేస్తే నాలుగు గేర్లూ రివర్స్ గేర్లే!

కోఠి కుర్రాడు:
గ్యాపు తగ్గి టైము గబగబ ముందాయె
కాలు తన్ను కిక్కె కాలు తన్నె
కోఠి నడుమ జనము కొట్టిరి చప్పట్లు
వెనుకకేగె బండి వేయ గేరు

నిర్వాహకుడు:
రెండో పాదానికి నావీ చప్పట్లే.

మల్కాజిగిరి యెజ్డీ:
యెజ్డీలో కిక్కూ గేరూ ఒకే రాడ్డు కాబట్టి ఆ పాదం ఇంకా నచ్చింది. కానీ తమ్ముడూ, పద్యం నిలబడింది, ఇంజను పడిపోయింది. గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనక్కి పోతుంది. అప్పుడు బండి లాగదు, వేడెక్కుతుంది, అంతే. గ్యాపు పెరిగితేనే ముందుకొస్తుంది. 'గ్యాపు పెరిగి టైము' అను, గణమూ చెడదు.

కోఠి కుర్రాడు:
మార్చేశాను అన్నా. మరి నీ బండి ఎలా సెట్ చేశావు?

మల్కాజిగిరి యెజ్డీ:
ముందు గ్యాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టాను. టైమింగ్ ముందు పెట్టి గ్యాపు తర్వాత ముట్టుకుంటే చేసిన పనంతా పోతుంది. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో డయల్ గేజ్ (పిస్టన్ కదలికను కొలిచే ముల్లు మీటరు) పెట్టి, పిస్టన్ పైకొన దొరికాక, ఇంజనును మాన్యువల్లో చెప్పినంత వెనక్కి తిప్పాను. పాయింట్ల మధ్య సిగరెట్ ప్యాకెట్‌లోని పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ పాయింట్లున్న ప్లేటు జరిపాను. కాగితం జారిన చోట, అంటే పాయింట్లు తెరుచుకున్న చోట, స్క్రూలు బిగించాను. ఇప్పుడు ఒక్క కిక్కుకే లేస్తోంది, ముందుకే పోతోంది.

నిర్వాహకుడు:
ఈ వారం మెప్పు ఇద్దరికీ. యెజ్డీ గారూ, తులసికోట మీద ఒక ఆటవెలది రాసి ఇంట్లో వినిపించండి.

మల్కాజిగిరి యెజ్డీ:
వినిపించాను మాస్టారూ. మూడో పాదంలో యతి తప్పిందని చెప్పి లోపలికి వెళ్లింది.