152 'హైదరాబాద్' స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ మార్క్ 8: వార్నిష్ కొట్టాక తెల్లబడింది, కాపాడుకోవడం ఎలా?

ఓరుగల్లు_48 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో ఉంటాను. నాలుగు నెలలుగా, ఆదివారాల్లో దొరికిన తీరికను బట్టి, ఎడ్వార్డ్ వారి 1/48 స్కేలు (అసలులో నలభై ఎనిమిదో వంతు) స్పిట్‌ఫైర్ మార్క్ 8 ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను కడుతున్నాను. చివరి మెట్టు మీద కాలు జారింది కాబట్టి మీ సలహా కోరుతున్నాను.

ఈ విమానాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అన్న పేరు నిజాం ఇచ్చిన విరాళం వల్ల వచ్చింది. దాని బ్యాడ్జి మీద ఉన్నది సాక్షాత్తు నిజాం ధరించే దస్తార్ (తలపాగా). 1940లో దక్షిణ ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి జర్మన్ విమానాలతో పోరాడిన ఈ స్క్వాడ్రన్, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాల మీదుగా 1943 చివర్లో బర్మా రంగానికి చేరి, అక్కడ మార్క్ 8 విమానాలను నడిపింది. ఆ విమానాల్లో కొన్నింటి మీద, పక్కనున్న గుండ్రటి వైమానిక దళ గుర్తుకు అడ్డంగా, దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. నిజాం కాలంలో కట్టిన మామునూరు రన్‌వే పక్కనుంచి రోజూ డ్యూటీకి వెళ్లే నాకు, నిజాం సొమ్ముతో ఎగిరిన విమానం ఒకటి ఇంట్లో అద్దాల పెట్టెలో ఉండాలని అనిపించింది.

ఇక జరిగిన సంగతి. రంగులు బాగానే కుదిరాయి. వాటి మీద మెరుపు వార్నిష్ కొట్టి, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పలుచని అచ్చు బొమ్మలు) అతికించి, మళ్లీ ఒక పలుచని మెరుపు పూత కూడా వేశాను. మొన్న ముసురు పట్టిన రోజున, సెలవు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందోనన్న తొందరలో, లాకర్ రకం (ఘాటైన థిన్నర్‌లో కరిగే) మ్యాట్, అంటే మెరుపు లేని, వార్నిష్‌ను హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో పలుచన చేసి ఎయిర్‌బ్రష్‌తో కొట్టాను. పది నిమిషాలు గడిచేసరికి ఎడమ రెక్క, వీపు భాగం చవుడు తేలిన గోడలా తెల్లబడ్డాయి. ముదురు ఆకుపచ్చ ఉన్నచోట మరీ ఘోరంగా కనిపిస్తోంది. కుడి రెక్క దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది కాబట్టి అది బతికిపోయింది. మా ఇంట్లో కరెంటు కోతను మెచ్చుకున్న సందర్భం ఇదొక్కటే.

నా సందేహాలు రెండు. మొదటిది, కింద ఉన్న డెకాల్స్‌కు, ముఖ్యంగా ఆ చిరుతకు, నష్టం కలగకుండా ఈ తెలుపును తీసే మార్గం ఉందా? రెండోది, నేను విడిగా తెప్పించుకున్న డెకాల్ షీటులో తోక ముందు లేత ఆకుపచ్చ పట్టీ చూపించారు, గుండ్రటి గుర్తు మధ్యభాగం దాదాపు తెల్లగా అచ్చయింది. పట్టీని ఇంకా వేయలేదు. బర్మా విమానానికి ఇవి సరైనవేనా?

హనుమకొండ_కంప్రెసర్

ఓరుగల్లు_48 గారూ, కంగారు పడవద్దు. ఇది కార్లకు రంగు వేసేవాళ్లకూ, తలుపులకు లాకర్ పాలిష్ వేసే మేస్త్రీలకూ ప్రతి వానాకాలం ఎదురయ్యే సంగతే. మా ఇంటి టేకు తలుపుకు ఆషాఢంలో పాలిష్ వేయించినప్పుడు సాయంత్రానికల్లా పాలు ఒలికినట్టు తెల్లబడింది. మేస్త్రీ మాత్రం ఏమాత్రం చలించకుండా మర్నాడు ఎండ వచ్చాక థిన్నర్‌లో ఇంకేదో కలిపి ఒక చెయ్యి తిప్పాడు. తెలుపు మాయమైంది. నేను ఎయిర్‌బ్రష్ పట్టుకున్న తర్వాతే ఆయన కలిపింది రిటార్డర్, అంటే పూత నెమ్మదిగా ఆరేలా చేసే ద్రవం, అని అర్థమైంది.

ముందుగా ఒక పరీక్ష చేయండి. శుభ్రమైన కుంచెను నీళ్లలో ముంచి, తెల్లబడిన చోట ఒక చుక్క పెట్టండి. తడి ఉన్నంతసేపు కింది రంగు స్పష్టంగా కనిపించి, ఆరాక మళ్లీ తెలుపు తేలితే, లోపం పైపూతలోనే ఉన్నదని అర్థం. తడిపినా డెకాల్ హద్దుల లోపల వెండిలా మెరిసే మచ్చ అలాగే ఉంటే, అది డెకాల్ కింద చిక్కుకున్న గాలి. దానికి సన్నని సూదితో అక్కడక్కడా పొడిచి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణాన్ని వేయాలి. మీరు డెకాల్స్‌కు ముందూ వెనకా మెరుపు పూత వేశారు కాబట్టి మీది మొదటి రకమే అయి ఉండాలి.

ఎన్.సి. థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు అది వేడిని లాక్కుంటుంది, పూత ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉన్న ముసురు రోజున, చల్లటి చెంబు మీద నీటి బొట్లు పట్టినట్టే, ఆ ఉపరితలం మీద తేమ దిగుతుంది. వార్నిష్ ఇంకా గట్టిపడకముందే దిగిన ఆ తేమ దానిలో ఇమడక, కంటికి కనిపించనంత చిన్న గుంతలు చేసి పోతుంది. వెలుగు వాటి మీద పడి చెదిరిపోవడమే మనకు తెలుపుగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడి ఉంటే, పూత పూర్తిగా బిగుసుకునే లోపల ఆ తేమ వెళ్లిపోయి, పైపొర మళ్లీ సర్దుకునేది.

కాబట్టి మందు కూడా అక్కడే ఉంది. ముసురు విడిచిన రోజున, ఉదయం పదకొండు దాటాక, రిటార్డర్ కలిసి వచ్చే మోడలింగ్ థిన్నర్‌ను (జి.ఎస్.ఐ. క్రియోస్ వారి లెవెలింగ్ థిన్నర్ అలాంటిది) రంగేమీ కలపకుండా, ఒక జానెడు దూరం నుంచి, ఉపరితలం కొద్దిగా తడిసిందా లేదా అన్నంత పలుచగా కొట్టండి. ఆగి చూడండి. పై పొర కరిగి మళ్లీ సర్దుకుంటుంది, తెలుపు తగ్గుతుంది. ఒక్కసారే తడిసి ముద్దయ్యేలా కొడితే మాత్రం థిన్నర్ కిందికి దిగి డెకాల్‌ను ముడతలు పెడుతుంది. చిరుత ఉన్న చోట చేయి ఇంకా తేలికగా ఆడించండి, లేదా ఆ భాగాన్ని అసలు వదిలేసి, నీటితో కలిసే యాక్రిలిక్ మెరుపు పూతను కుంచెతో వేయండి. గుంతలు నిండితే తెలుపు దానంతటదే కనిపించకుండా పోతుంది. రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు మ్యాట్ పూత మళ్లీ వేసుకోవచ్చు. మ్యాట్ సీసాను ఈసారి బాగా కలపండి. అడుగున పేరుకున్న పొడి సరిగా కలవకపోయినా ఇలాంటి తెలుపే వస్తుంది.

మరొక మాట. మీ కంప్రెసర్‌కు నీటిని పట్టే గిన్నె ఉందా? లేకపోతే జులైలో గొట్టంలోంచి నేరుగా నీటి బొట్లే రెక్క మీద పడతాయి. ఎన్.సి. థిన్నర్‌ను ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికి ఉంచుకోండి, కిట్ దగ్గరికి రానివ్వకండి. అది పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. ఆరబెట్టడానికి అట్టపెట్టెలో బల్బు వెలిగించే అలవాటు ఉంటే మోడల్‌ను బల్బుకు బాగా ఎడంగా ఉంచండి. ఒకసారి నా రెక్క ఒకటి అప్పడంలా వంగిపోయింది.

మానేరు_తీరం

నేను కరీంనగర్ నుంచి రాస్తున్నాను. పూత సంగతి పైన చెప్పారు కాబట్టి రెండో సందేహానికి వస్తాను.

ఆ లేత ఆకుపచ్చ పట్టీ వేయకండి. స్కై అనే ఆ రంగు పట్టీ, అదే రంగు స్పిన్నర్ (ముందు పంకా మధ్యనుండే శంకువు), రెక్కల ముందంచున పసుపు గీత, ఇవన్నీ యూరప్‌లో ఫైటర్ కమాండ్ విమానాలకు వేసిన గుర్తింపు చిహ్నాలు. బర్మాలో ఆనవాలు వేరు. జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది కాబట్టి, పొరపాటున సొంత విమానాన్నే కూల్చకుండా ఉండేందుకు, మన వైపు విమానాల గుర్తుల్లోంచి ఎరుపును పూర్తిగా తొలగించారు. ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం మాత్రమే మిగిలాయి. తోక మీది చిన్న దీర్ఘచతురస్రానికి కూడా అవే రెండు రంగులు. ఆ మధ్య భాగం తెలుపు కాదు, తెలుపులో నీలం కలిపి చేసిన రంగు. మీ షీటులో తెల్లగా అచ్చయితే, డెకాల్ మీదే పలుచని నీలి రంగును ఒక పొర తేలికగా తడిమితే సరిపోతుంది. చిరుత కాళ్లు ఆ భాగం మీదుగా వెళ్తే మాత్రం సన్నని కుంచెతో, చుట్టూ తిప్పుకుంటూ వేయక తప్పదు.

తెల్ల పట్టీల విషయం మీరు అడగలేదు, కానీ అదే అసలు చిక్కు. 1945 తొలి నెలల నుంచి అక్కడి ఫైటర్ల రెక్కల మీద, తోక భాగాల మీద వెడల్పాటి తెల్ల పట్టీలు వచ్చాయి. మీరు ఎంచుకున్న విమానం ఫొటో 1944 నాటిదైతే పట్టీలు పెట్టడం తప్పు, 1945 నాటిదైతే పెట్టకపోవడం తప్పు. డెకాల్ కంపెనీ గీసిన రంగుల బొమ్మను కాకుండా ఫొటోనే నమ్మండి.

కిట్ విషయంలో మార్క్ 9కీ మార్క్ 8కీ పోలిక ఎక్కువ కాబట్టి చూసేవాళ్లు మొదట వెతికేది తోక చక్రాన్నే. మార్క్ 8లో అది లోపలికి ముడుచుకుంటుంది, దానికి రెండు చిన్న తలుపులు ఉంటాయి. రెక్కల ముందంచులో అదనపు ఇంధనపు ట్యాంకులు ఉంటాయి. చుక్కానికి మొన తేలిన వెడల్పాటి ఆకారం చాలా విమానాల్లో కనిపిస్తుంది. మీ కిట్ ఇవన్నీ సరిగానే ఇస్తుంది, మనం చేయవలసిందల్లా తలుపులను పలుచగా గీకడం. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే అసలు విమానంలో దాదాపు 5 సెంటీమీటర్లు. అంత మందపు తలుపు ఉంటే అది విమానం తలుపు కాదు, మా పాత ఇంటి దర్వాజా.

చక్రాల కాళ్ల వెంబడి దిగే బ్రేకు గొట్టం కిట్‌లో ఉండదు. చాలామంది పాత టెలిఫోన్ కేబులులోని రాగి తీగను వాడతారు, నేనూ చాలాకాలం అదే వాడాను. మా ఊళ్లో వెండి ఫిలిగ్రీ పని చేసే ఒక పెద్దమనిషి దగ్గర కమ్మచ్చులో లాగిన తీగ ముక్కలు అడిగి తెచ్చుకున్నప్పటి నుంచి రాగి వైపు చూడలేదు. 0.2 మిల్లీమీటర్ల తీగ ఈ స్కేలులో సెంటీమీటరుకు కొంచెం తక్కువ లావు గొట్టంతో సమానం. వెండి తీగ వంచిన చోట వంగి అలాగే నిలుస్తుంది, రాగిలా వెనక్కి లేవదు. విమానం బొమ్మకు వెండి ఎందుకని ఆయన అడిగితే, నేను చూపించిన ఫొటోలో కాలు వెంబడి ఉన్న గొట్టాన్ని గోటితో చూపించి, "ఇది ఇంకొంచెం లావుండాలె" అని ఆయనే దిద్దారు.

కాక్‌పిట్ తలుపు లోపల ఉండే ఇనుప గడ్డపారకు ఎరుపు వేశారా? వేస్తే మార్చండి. యుద్ధకాలంలో దానికి ఎరుపు వేయలేదు, అది తర్వాతి కాలపు అలవాటు. సీటు ఎర్రటి గోధుమ రంగులో ఉండాలి, ఎందుకంటే అది లోహం కాదు, జిగురు పట్టించి అచ్చు వేసిన పదార్థం.

కాజీపేట_ఈస్ట్

పైవారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో తొందరపడవద్దని మనవి. మ్యాట్ పూత మళ్లీ వేశాక మీరు రంగు రాలిన గుర్తులు పెట్టడానికి పూనుకుంటారు. బర్మా అనగానే వెండి రంగును చిలకరించినట్టు ఒళ్లంతా పెట్టేవారిని చాలామందిని చూశాను. చుక్కానికీ, ఎలివేటర్లకూ (తోక దగ్గర అడ్డంగా కదిలే పలకలు) పైతొడుగు గుడ్డతో ఉంటుంది, గుడ్డ కింద మెరిసే లోహం ఉండదు. అక్కడ వెండి చుక్క పెట్టకూడదు. పైలట్ ఎక్కే తలుపు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి అరుగుదల ఎడమ రెక్క మొదట్లో ఎక్కువగా, కుడి వైపు తక్కువగా ఉండాలి.

నిజాం పేరున్న విమానాల మీద మీకు ఆసక్తి ఉంది కాబట్టి మరొక మాట. 152 కంటే ముందే, 1918లో, 110వ స్క్వాడ్రన్ కూడా ఆయన విరాళంతోనే 'హైదరాబాద్' పేరు పొందింది. డి.హెచ్.9ఎ బాంబర్ల మీద ఆ దానం సంగతి రాసి ఉండేది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌లో తేలింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి బ్రిటన్ వాళ్లు పోలండ్‌కు ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చారు. దాని మోడల్ కడితే, ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానం కాబట్టి తీగలు కట్టే పని ఉంటుంది, ఆ కరీంనగర్ వెండి తీగ అక్కడ ఇంకా బాగా పనికొస్తుంది.

ఓరుగల్లు_48

ఆలస్యానికి మన్నించండి, ముసురు విడవడానికి ఆరు రోజులు పట్టింది. నీటి చుక్క పరీక్షలో తెలుపు పోయి, ఆరాక తిరిగి వచ్చింది. నిన్న మధ్యాహ్నం లెవెలింగ్ థిన్నర్‌ను మూడు విడతలుగా కొట్టాను. రెండో విడతకే వీపు మీద ఆకుపచ్చ తేలింది. చిరుత దగ్గర మాత్రం ధైర్యం చాలక కుంచెతో మెరుపు పూత వేశాను, అది కూడా కుదిరింది. తోక దగ్గర రూపాయి బిళ్లలో సగమంత చోట పొర కొంచెం గరుకుగా మిగిలింది, ఆరాక రెండు వేల నంబరు ఉప్పుకాగితంతో తడిపి రుద్దుతాను.

గడ్డపారకు ఎరుపు వేసి ఉన్నాను. తలుపు అతికించేశాను కాబట్టి లోపలికి కుంచె దూరడం లేదు, ఒక వంకర పిన్నుకు రంగు అద్ది ప్రయత్నిస్తున్నాను. మానేరు_తీరం గారూ, నేను చూసి కడుతున్న ఫొటో 1945 నాటిదే, రెక్క మీద తెల్ల పట్టీ స్పష్టంగా కనిపిస్తోంది. మాస్కింగ్ టేపు కొలిచి కోసి పెట్టుకున్నాను. ఈ ఆదివారం ఎండ ఉంటే పట్టీలు వేస్తాను, లేకపోతే వచ్చే ఆదివారం.